తలుపు లేని చోట తాళమెందుకు?

కంప్యూటరు నెమ్మదిగా పనిచేస్తున్నదంటే మనలో చాలామందికి తోచే చికిత్స ఒక్కటే: మరింత వేగమైన కొత్త యంత్రం కొనడం. ప్రయోగశాలలోనైనా, బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా ఇదే ఆనవాయితీ. అయితే ఎనిమిది కోర్ల ప్రాసెసరు స్థానంలో అరవై నాలుగు కోర్ల ప్రాసెసరు వచ్చిన తరువాత కూడా, తిరిగే డిస్కు స్థానంలో ఫ్లాష్ నిల్వ వచ్చిన తరువాత కూడా, పని ఆశించినంతగా పుంజుకోకపోవడం కద్దు. ఇందుకు గల కారణాలలో ఒకటి సామాన్యంగా ఎవరి కంటా పడదు. కంప్యూటరుకూ నిల్వ పరికరానికీ మధ్య నిలిచి పనిచేసే డ్రైవరు అనే క్రమణికలో, ఒకనాడు అవసరమై పెట్టి, ఆ అవసరం తీరిన తరువాత కూడా తీయకుండా వదిలేసిన తాళాలే ఆ కారణం. వాటిని వెతికి, ఆలోచించి తొలగించడం కొత్త హంగులు చేర్చడంతో సమానమైన పని అనీ, మన సంస్థలు దానికి తగిన సమయాన్నీ గుర్తింపునూ ఇవ్వడం లేదనీ ఈ వ్యాసంలో నా వాదన.

నేను రసాయన శాస్త్ర పరిశోధకుణ్ణి. డ్రైవర్లు రాయడం నా వృత్తి కాదు. వాటి మీద ఆధారపడడం మాత్రం నిత్యకృత్యం. పరమాణువుల కదలికలను అనుకరించే గణన ఒక్కటి చాలు, కొద్ది రోజులలో టెరాబైట్ల కొద్దీ సమాచారాన్ని నిల్వ మీదికి దింపుతుంది. ఆ రాత ఆలస్యమైతే లెక్క కూడా ఆగుతుంది. ఒక చర్య ఏ మెట్టు దగ్గర ఆగుతున్నదో వెతకడం మా శాస్త్రంలో నేర్పే తొలి పాఠాలలో ఒకటి. ఆ దృష్టితోనే ఈ విషయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

తాళం ఎందుకు వచ్చింది?

డ్రైవరు చేసే పని ఏమిటో ముందు చూద్దాం. 'ఈ ఫైలు చదువు', 'ఈ పుట రాయి' అంటూ వందలాది ప్రక్రియలు ఏకకాలంలో కోరుతూ ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కోరికలను సర్ది డ్రైవరుకు అందిస్తుంది. డ్రైవరు వాటిని పరికరానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి, ఒక్కొక్క ఆదేశానికి ఒక గడి కేటాయించి పంపిస్తుంది. పని ముగిసినప్పుడు పరికరం ఆ గడి సంఖ్య చెప్పి 'అయింది' అని కబురు చేస్తుంది. మన బల్లమీది కంప్యూటర్లలో చాలాకాలం ప్రమాణంగా ఉన్న ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒక డిస్కుకు ఇటువంటి గడులు 32 మాత్రమే.

ఇప్పుడు రెండు కోర్లు ఒకే క్షణంలో ఖాళీ గడి కోసం వెతికాయనుకుందాం. ఏడవ గడి ఖాళీగా ఉన్నదని రెండూ చూశాయి; రెండూ అందులోనే తమ ఆదేశాన్ని రాశాయి. మొదటి ఆదేశం చెరిగిపోతుంది, లేదా ఒకరికి రావలసిన సమాచారం మరొకరికి చేరుతుంది. పొరపాటు జరిగినట్లు చాలాకాలం ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. దీనిని నివారించడానికే తాళం. గడుల పట్టిక ముట్టుకొనే ముందు తాళం వేయాలి, పని ముగించి తీయాలి. ఈలోగా వచ్చిన కోరు ఏదైనా వాకిట్లో వేచి ఉండాలి.

నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ఈ సమస్యకు శాస్త్రీయమైన రూపం ఇచ్చారు. ఆయన ప్రవేశపెట్టిన 'సెమఫోర్' అన్న మాట రైలు సిగ్నలు నుంచి వచ్చినది. ఆంధ్రదేశంలో ఒంటి లైను మార్గాలను ఎరిగినవారికి బంతి టోకెను గుర్తుండే ఉంటుంది. స్టేషను మాస్టరు ఇచ్చే ఆ బంతి చేతికందితే తప్ప ఇంజను డ్రైవరు బండిని తరువాతి స్టేషను వైపు కదిలించడు. రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క టోకెనే బయట ఉంటుంది గనుక బండ్లు ఎదురెదురుగా వచ్చే ప్రమాదం ఉండదు. ఉన్నది ఒక్కటే పట్టా అయినంత కాలం ఈ కట్టుబాటు ప్రాణాధారం.

ఇక్కడ శాన్ రామన్‌లో మనం సాయంకాలం నడిచే ఐరన్ హార్స్ కాలిబాట కూడా ఒకనాటి రైలు మార్గమే. 1891లో వేసిన ఆ సదరన్ పసిఫిక్ శాఖామార్గం 1978లో మూతపడింది. పట్టాలే లేని ఆ దారి మీద ఈనాడు ఎవరైనా టోకెను కోసం ఎదురుచూస్తూ నిలబడితే మనం నవ్వుతాం. కంప్యూటరు లోపల అటువంటి నిరీక్షణ సెకనుకు లక్షల సార్లు జరుగుతున్నా నవ్వడానికి చూసేవారు ఉండరు.

కాలమానం మారిపోయింది

ఈ తాళాలు పెట్టిన ఇంజనీర్లను తప్పుపట్టడం భావ్యం కాదు. వారి కాలానికి అవి సరిపోయాయి. మనకు దక్షిణాన ఉన్న శాన్ హోసేలో ఐబీఎమ్ సంస్థ 1956లో రామాక్ యంత్రానికి తొలి డిస్కు నిల్వను నిర్మించింది. 24 అంగుళాల పళ్ళేలు 50, వాటన్నిటిలో పట్టేది 50 లక్షల అక్షరాలు, కావలసిన చోటు అందుకోవడానికి సుమారు 600 మిల్లీ సెకన్లు. అటు తరువాత డిస్కులు ఎంతో మెరుగుపడినా తిరగడం మానలేదు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు పడుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి. తాళం వేసి తీయడానికి 100 నానో సెకన్లు పట్టినా, ఆ నిరీక్షణలో అది 40 వేలవ వంతు. దానిని లెక్కించడం ఎద్దుల బండి ప్రయాణంలో చెప్పులు విడిచే సమయం లెక్కించడం వంటిది.

ఫ్లాష్ నిల్వ వచ్చిన తరువాత ఈ లెక్క తలకిందులైంది. అందులో తిరిగే పళ్ళెం లేదు, కదిలే ముల్లు లేదు. 2011 మార్చిలో తొలి రూపం వెలువడిన ఎన్‌వీఎమ్‌ఈ ప్రమాణం ఒక్క వరుసకు బదులు 65 వేలకు పైగా వరుసలను అనుమతిస్తుంది. ఒక్కొక్క వరుసలో 65 వేలకు పైగా ఆదేశాలు పట్టవచ్చు. నేటి మంచి పరికరం ఒక్కటి సెకనుకు పది లక్షల చిన్న కోరికలను తీర్చగలదు. అంటే సగటున ఒక కోరికకు ఒక మైక్రో సెకను. ప్రతి కోరికా ఒకే తాళాన్ని ఒక మైక్రో సెకను పట్టుకొని ఉంటే, కోర్లు ఎన్ని ఉన్నా, పరికరాలు ఎన్ని చేర్చినా, సెకనుకు పది లక్షల కోరికలను మించి పోజాలము.

ఈ సంగతి ఊహ కాదు. లినక్స్‌లో నిల్వ కోరికలను నడిపే పొర ఒక్కొక్క పరికరానికి ఒక్క వరుస, ఆ వరుసకు ఒక్క తాళం అన్న పద్ధతి మీద నిర్మితమైనది. బ్యోర్లింగ్, ఆక్స్‌బో, నెల్లాన్స్, బోన్నే అనే నలుగురు 2013లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, కోర్లు పెరిగే కొద్దీ ఆ పొర సెకనుకు పది లక్షల కోరికల లోపే చతికిలబడుతున్నదని కొలిచి చూపారు. ఒక్కొక్క కోరుకు ఒక్కొక్క వరుస ఇస్తే సామర్థ్యం అనేక రెట్లు పెరిగింది. ఈ బహుళ వరుసల పద్ధతి 2014 జనవరిలో విడుదలైన లినక్స్ 3.13లో చేరింది. పాత ఒంటి వరుస దారిని పూర్తిగా తొలగించడం మాత్రం 2019 మార్చిలో, 5.0 విడుదలతో గాని సాధ్యం కాలేదు. కొత్తది చేర్చిన తరువాత పాతది తీయడానికి ఐదేళ్ళు పట్టిందన్నమాట!

ఒక రసాయన దృష్టాంతం

ఎంజైముల గురించి మైకేలిస్, మెంటెన్ అనే శాస్త్రజ్ఞులు 1913లో చెప్పిన సూత్రం ఇక్కడ బాగా అన్వయిస్తుంది. ఎంజైము మీద క్రియాశీల స్థానాలు పరిమితంగా ఉన్నప్పుడు, అధస్థ పదార్థపు గాఢతను పెంచుతూ పోతే చర్యా వేగం మొదట పెరుగుతుంది. తరువాత ఒక హద్దు దగ్గర నిలిచిపోతుంది. స్థానాలన్నీ నిండిన తరువాత పదార్థం ఎంత పోసినా ప్రయోజనం ఉండదు. డ్రైవరులో తాళం ఆ క్రియాశీల స్థానం వంటిది, కోర్లు అధస్థ పదార్థం వంటివి. కోర్లు పెంచడం సులభం, అంగడిలో దొరుకుతాయి. స్థానాలు పెంచడానికి ఆలోచన కావాలి.

జీన్ ఆమ్‌డాల్ 1967లో ఇదే సంగతిని గణితంలో చెప్పారు. పనిలో 5 శాతం భాగం ఒకరి తరువాత ఒకరు చేయవలసినదైతే, 64 కోర్లు పెట్టినా వేగం 15 రెట్లకు కొంచెం మించుతుంది. కోర్లు ఎన్ని పెట్టినా 20 రెట్లు దాటదు. ఆ 5 శాతాన్ని రెండున్నర శాతానికి తగ్గిస్తే అవే 64 కోర్లతో దాదాపు 25 రెట్ల వేగం వస్తుంది. కొత్త యంత్రం కొనకుండా వచ్చిన లాభమిది.

తిరుమల వెళ్ళినవారికి ఇది మరింత తేలికగా బోధపడుతుంది. స్వామి సన్నిధి ఒక్కటే గనుక దర్శనానికి వరుస తప్పదు. అది న్యాయమైన తాళం. లడ్డూ కౌంటర్లను మాత్రం ఎన్నైనా పెంచుకోవచ్చు. లడ్డూ కోసం వచ్చినవారిని కూడా సన్నిధి వరుసలోనే నిలబెట్టామనుకోండి, రెండు పనులూ చెడతాయి. ఒకే తాళం కింద సంబంధం లేని నాలుగు పనులను కట్టిపెట్టిన డ్రైవరు చేసేది సరిగ్గా ఇదే.

ఇంకొక నష్టం కూడా కలదు. డ్రైవర్లలో వాడే తాళాలలో ఎక్కువ భాగం 'తిరుగుడు తాళాలు'. తాళం దొరకని కోరు నిద్రపోదు. 'వచ్చిందా, వచ్చిందా' అని అడుగుతూ అక్కడే గిరగిర తిరుగుతుంది. తాళం కూడా మెమొరీలో ఒక చిన్న గుర్తే గనుక, దానిని అందుకోవడానికి ప్రతి కోరూ తన దగ్గరికి లాక్కొంటుంది. తక్కిన కోర్ల దగ్గర ఉన్న ప్రతులు చెల్లకుండా పోతాయి. పైకి చూస్తే యంత్రం తీరిక లేకుండా ఉన్నట్లే ఉంటుంది. విద్యుత్తు ఖర్చవుతుంది, వేడి పుడుతుంది, పని మాత్రం జరగదు.

ఎక్కడెక్కడ మిగిలిపోయాయి?

స్కజీ పద్ధతి నిల్వ పరికరాల చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. 2010 చివరి వరకు లినక్స్‌లో స్కజీ మధ్య పొర ప్రతి కోరికను డ్రైవరుకు అందించే ముందు ఆ అడాప్టరు మొత్తానికి చెందిన ఒక పెద్ద తాళం వేసేది. డ్రైవరు తన పట్టికలను తానే కాపాడుకోగలిగినదైనా సరే, ఈ తాళం తప్పేది కాదు. కొన్ని డ్రైవర్లు లోపలికి రాగానే ఆ తాళాన్ని తీసి, తమ పని తాము చేసుకొని, బయటికి పోయేముందు మళ్ళీ వేసేవి! అప్పుడు జెఫ్ గార్జిక్ చేసిన మార్పులో మెచ్చదగినది వేగం కాదు, ఓర్పు. తాళాన్ని ఒక్కసారిగా పారవేయకుండా మధ్య పొర నుంచి ఒక్కొక్క డ్రైవరు లోపలికి దించారు. మొదటి రోజున డ్రైవర్లన్నీ పాత తాళాన్నే వేసుకొన్నాయి, ప్రవర్తనలో ఏ తేడా లేదు. 2011 జనవరిలో 2.6.37 విడుదలలో ఈ మార్పు వెలువడింది. ఆ తరువాత ఏ డ్రైవరుకు అది అక్కరలేదో ఆ డ్రైవరు బాగోగులు చూసేవారే పరిశీలించి తొలగించుకోవడానికి దారి ఏర్పడింది.

తక్కిన చోట్ల కనబడే అనవసరపు తాళాలు ఎక్కువగా మూడు రకాలు. ఎన్ని కోరికలు వచ్చాయన్న గణాంకాల కోసమే వేసే తాళం మొదటిది. ఒక్కొక్క కోరు తన లెక్క తాను రాసుకొని, అడిగినప్పుడు కూడితే దానితో పని ఉండదు. పై పొర ఇప్పటికే కాపాడుతున్న వస్తువుకు కింది పొర మళ్ళీ వేసే తాళం రెండవది. ప్రారంభంలో ఒకసారి రాసి, తరువాత ఎన్నడూ మార్చని విలువలను చదవడానికి వేసే తాళం మూడవది. వీటికి తోడు మన సామెతలో చెప్పినట్లు తాళం వేసి గొళ్ళెం మరచిన సందర్భాలు కూడా ఉంటాయి. తాళం ఒక పట్టిక చుట్టూ శ్రద్ధగా వేస్తారు. అదే పట్టికను మరొక దారిలో తాళం లేకుండానే ముట్టుకుంటారు. అటువంటి తాళం వేగాన్ని తినివేస్తుంది, రక్షణ ఇవ్వదు. అనవసరపు తాళాల కోసం వెతికేవారికి ఇటువంటి లోపాలు కూడా బయటపడడం ఆ శ్రమకు దక్కే అదనపు ఫలం.

అభ్యంతరం ఉన్నది, అది బలమైనది

'పనిచేస్తున్నదానిని ఎందుకు కదపాలి?' అని అనుభవజ్ఞులు అడుగుతారు. అనవసరపు తాళం వల్ల నష్టం కొంత ఆలస్యం. అవసరమైన తాళం తీసివేస్తే నష్టం సమాచారమే. ఈ రెండు నష్టాలూ సమానం కావు. ఈ వాదాన్ని నేను తేలికగా తీసుకోను.

కెనడాలో తయారైన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం నిల్వ డ్రైవరుకు సంబంధించినది కాకపోయినా ఇక్కడ స్మరించదగినది. 1985, 1987 మధ్య జరిగిన ఆరు దుర్ఘటనలలో అది రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చింది, కొందరు మరణించారు. పూర్వపు నమూనాలో ఉన్న యాంత్రికమైన అడ్డుతాళాలను అందులో తొలగించి, భారమంతా క్రమణిక మీద మోపారు. పాత నమూనా క్రమణికలో కూడా దోషం ఉన్నదనీ, అడ్డుతాళాలే దానిని అపాయం కాకుండా ఆపుతూ వచ్చాయనీ తరువాత తేలింది. ఒక తాళం దేనిని కాపాడుతున్నదో తెలియకుండా తీసివేయడం ఎంతటి పనో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

నిల్వ డ్రైవర్లలోనే మరొక సున్నితమైన ఉదాహరణ ఉన్నది. పరికరం 'పని అయింది' అని కబురు పంపడాన్ని ఇంటరప్ట్ అంటారు. 2010 నుంచి లినక్స్‌లో ఆ కబురు అందుకొనే భాగం నడుస్తున్నంతసేపు ఆ కోరు మీద ఇతర ఇంటరప్ట్‌లు ఆగి ఉంటాయి. అందువల్ల అక్కడ 'ఇంటరప్ట్‌లను ఆపి తాళం వేయి' అనే బరువైన ఆదేశానికి బదులు 'తాళం వేయి' అన్నది చాలునని 2021 ఫిబ్రవరిలో అనేక స్కజీ డ్రైవర్లకు మార్పులు ప్రతిపాదించారు. వెంటనే అభ్యంతరం వచ్చింది. మోటరోలా 68000 వంశపు పాత యంత్రాలలో ఇంటరప్ట్‌లకు అంతస్తులు ఉంటాయి. కింది అంతస్తు పని జరుగుతుండగా పై అంతస్తు ఇంటరప్ట్ చొరబడగలదు. ఒక యంత్రంలో అనవసరమైనది మరొక యంత్రంలో అవసరం కావచ్చు. పైగా ఆ పాత పరికరాలలో మిగిలే నానో సెకన్ల వల్ల ఎవరికి మేలు?

ఈ ఉదాహరణల నుంచి నేను గ్రహించేది తాళాలను ముట్టుకోవద్దని కాదు. 'అనవసరం' అన్న మాట అభిప్రాయంగా ఉండరాదు, నిరూపించిన విషయంగా ఉండాలి. భయంతో తాళం ఉంచడమూ, ఉత్సాహంతో తాళం తీయడమూ రెండూ ఒకే అజ్ఞానం నుంచి పుట్టినవి: అది దేనిని కాపాడుతున్నదో తెలియకపోవడం.

ఏమి చేయవలసి ఉన్నది?

మొదటిది, ప్రతి తాళం పక్కనా అది కాపాడే వస్తువు పేరు ఒక్క వాక్యంలో రాసి ఉండాలి. మా ప్రయోగశాలలో పేరుచీటీ లేని సీసాను ఎవరూ వాడరు, పారబోయరు కూడా. ముందు అందులో ఏమున్నదో తేలుస్తారు. పేరు లేని తాళం విషయంలోనూ అదే పద్ధతి.

రెండవది, కొలవకుండా కత్తి పట్టరాదు. ఏ తాళం దగ్గర ఎంతసేపు నిరీక్షణ జరుగుతున్నదో చూపే సాధనాలు నేడు ఉన్నాయి. తాళాలు వేసే క్రమంలోని ప్రమాదాలను పట్టే సాధనం లినక్స్‌లో 2006లోనే వచ్చింది. తాళం లేకుండా ఇద్దరు ఒకే వస్తువును ముట్టుకొనే సందర్భాలను పట్టే సాధనం 2020లో చేరింది. వేడి లేని చోట తాళం ఉన్నా బాధ లేదు.

మూడవది, తాళం తీయడం కంటె పొత్తు తగ్గించడం మేలు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత. ఒక్కొక్క కోరుకు దాని వరుస, దాని గడులు, దాని లెక్కలు విడిగా ఇస్తే కాపాడవలసిన ఉమ్మడి సొత్తే తగ్గిపోతుంది; తాళం తనంతట తానే నిష్ప్రయోజనమవుతుంది. ఉమ్మడి తప్పని చోట, ఉమ్మడి మేరకే తాళం ఉండాలి. శివ విష్ణు ఆలయం వల్ల మనవారందరికీ పరిచితమైన లివర్‌మోర్‌లోని జాతీయ ప్రయోగశాలలో 2012లో నెలకొల్పిన సెకోయా యంత్రానికి 15 లక్షల 72 వేలకు పైగా కోర్లు ఉండేవి. దాని నిల్వకు ఆధారమైన లస్టర్ అనే ఫైలు వ్యవస్థలో తాళం ఫైలు మొత్తానికి వేయనక్కరలేదు, రాస్తున్న భాగం మేరకు వేస్తే చాలు. ఒకే ఫైలులో వేర్వేరు భాగాలు రాసేవారు ఒకరికొకరు అడ్డు రారు. గట్టు తగాదా లేని పొలాలలో ఎవరి దుక్కి వారు దున్నుకొన్నట్లన్నమాట.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఈ పనిని పనిగా లెక్కించాలి. లినక్స్‌లో 1996లో వచ్చిన 'పెద్ద తాళం' పూర్తిగా తొలగడానికి 2011 మే వరకు, అంటే 15 ఏళ్ళు పట్టింది. చేర్చిన పంక్తులను లెక్కించే సంస్థలలో తీసివేసిన పంక్తులు లెక్కకు రావు. కొత్త హంగు చేర్చిన వారికి పదోన్నతి; నెల రోజులు శ్రమించి ఒక తాళం అక్కరలేదని నిరూపించి, పది పంక్తులు తీసివేసిన వారిని 'ఇంతకీ ఏమి చేశావు?' అని అడుగుతారు.

ఇది పరిశోధకులకు మాత్రమే సంబంధించిన గొడవ అనుకోరాదు. మన దేశంలో యూపీఐ చెల్లింపులు 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే వెయ్యి కోట్లు దాటాయి. సగటున సెకనుకు 3,700కు పైమాటే. కూరగాయల బండి దగ్గర పది రూపాయలు చెల్లించినా ఆ లెక్క ఎక్కడో ఒక నిల్వ పరికరం మీద తప్పు లేకుండా, ఆలస్యం లేకుండా రాసి తీరాలి. ఆ రాతకు దారి డ్రైవరు గుండానే.

ఈ లోయలో నిల్వ పరికరాల సంస్థలలో, ఆపరేటింగ్ సిస్టముల విభాగాలలో మన తెలుగువారు ఎందరో పనిచేస్తున్నారు. కొందరు ఆ విభాగాలకు పెద్దలు కూడా. వారికి నా మనవి ఇది. వచ్చే సంవత్సరపు ప్రణాళికలో కొత్త హంగుల పట్టిక పక్కనే తొలగించవలసిన తాళాల పట్టిక కూడా ఒకటి ఉంచండి. దానికి మనుషులను, నెలలను కేటాయించండి. ఒక తాళం అక్కరలేదని నిరూపించిన వారినీ, ఒక తాళం అవసరమే అని నిరూపించి దాని పక్కన కారణం రాసిన వారినీ సమానంగా గుర్తించండి. రెండవ వారు ఒక్క పంక్తి కూడా మార్చి ఉండకపోవచ్చు; తరువాత వచ్చేవారికి మాత్రం దారి తెలుస్తుంది.